వాగు రాయి మీద అన్నం

ఉదయం ఆరు నలభైకి టిఫిన్ డబ్బా మూత తీశాను. వాగు ఒడ్డున ఒక చదును రాయి మీద పిడికెడు అన్నం పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను. అంతే చేశాను. ఎవరైనా చూసి ఉంటే ఇందులో ఏముంది అనుకునేవారు. ఆ పిడికెడు అన్నాన్ని నేను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. నా పేరు ఇక్కడ రాయడం లేదు. అందుకు నేను చెప్పుకునే కారణాలను నేనే పూర్తిగా నమ్మను. ఇందులో రెండో మనిషి పేరు భీంరావు. అతని పేరు మార్చాలా అని చాలాసేపు ఆలోచించాను. మార్చలేదు. చెడ్డపేరు వచ్చింది ఆ పేరుకే కదా.

అప్పట్లో నేను కరీంనగర్‌లో ఒక పరిశోధనలో సహాయకురాలిని. అడవి జంతువుల పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల గురించి ఆ పని. ప్రతి జంతువు కడుపులోనూ కంటికి కనిపించని ఒక పెద్ద జనాభా ఉంటుంది. తిన్నదాన్ని అరిగించడంలో సగం పని వాటిదే. ఆ జనాభా ఎలా ఉండాలో ఏది తేలుస్తుంది అన్నది మా సార్ ప్రశ్న. జంతువు పుట్టుకా? అది తినే తిండా? ఉండే చోటా?

దీనికి ఆయన ఎంచుకున్నవి కొండెంగలు, అంటే కొండముచ్చులు. మా ఊళ్ళలో కోతుల బాధ పడలేక, వాటిని తరమడానికి కొండెంగను తెచ్చి కట్టేస్తారు. అది జనం పెట్టిందే తింటుంది. అడవిలో ఉన్న కొండెంగ ఆకులు, కాయలు తింటుంది. రెండింటి పుట్టుక ఒకటే. ఊరి కొండెంగకూ ఊరి కోతికీ పుట్టుక వేరు, తిండి మాత్రం ఒకటే. వీటన్నిటి పెంటికలు తెచ్చి, లోపలి సూక్ష్మజీవులను పోల్చి చూస్తే దేని పట్టు ఎక్కువో తెలుస్తుంది. మాటల్లో ఇంత తేలిక.

ఊరి నమూనాలు కరీంనగర్ చుట్టుపక్కల దొరికాయి. అడవి నమూనాలకు ఆదిలాబాద్ వైపు, ఉట్నూరు దాటి లోపలికి పోవాలి. అక్కడ రెండు గుంపులను ఎంచుకున్నాం. వాటిలో లోయ గుంపు ముఖ్యమైనది. దాని దగ్గర ఊరు లేదు, చేను లేదు, తారు రోడ్డు చాలా దూరం. మనుషుల తిండి ఎరగని గుంపు అది. సార్ మొదటి రోజే ఒక నియమం పెట్టారు. అడవిలో మా భోజనం జీపులోనే తినాలి. ఒక మెతుకు కూడా కింద పడకూడదు.

ఆ నియమం నాకు అర్థం కాక తప్పానని చెప్పలేను. దాన్ని కొత్తవాళ్ళకు వివరించి చెప్పేదాన్ని నేనే.

భీంరావు మాకు దారి చూపేవాడు. మరాఠీ మాట్లాడే ఊళ్ళ పక్కన పెరిగినవాడు, నన్ను బాయి అనేవాడు. నేను కాకా అనేదాన్ని. అతన్ని గొప్ప అడవి మనిషిగా రాస్తే అబద్ధమవుతుంది. దారి తప్పించిన రోజులున్నాయి. పొగాకు నములుతూ ఫోన్లో పాటలు పెట్టేవాడు, వద్దంటే చప్పుడు కొంచెం తగ్గించేవాడు. మొదటిసారి నేను చేతి తొడుగులు వేసుకుని పెంటిక ఎత్తినప్పుడు పడీపడీ నవ్వాడు. "మా ఊర్ల పెండ ఎత్తెటోళ్ళు బడికి పోలే బాయీ. నువ్వు గింత సదివి గీ పనికే వస్తివి" అన్నాడు. ఒకసారి బంధువుల పెండ్లికి పోయి, ఆలస్యమై, రోడ్డు పక్క దొరికిన పెంటికలు తెచ్చి లోయవని ఇచ్చాడు. ఎవరూ పట్టుకోలేదు. మర్నాడు తనే సార్‌కు చెప్పేశాడు. ఆ నమూనాలు పారేశాం. సార్ తిట్టారు, కానీ పనిలోంచి తీసేయలేదు.

ఆ వానాకాలం చివర మా అవ్వ పోయింది. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం.

మా ఇల్లు హుజూరాబాద్‌లో. బాపు మగ్గం నడిపేవాడు, అవ్వ కండెలు చుట్టేది. జ్వరం ముదిరిందని తమ్ముడు ఫోన్ చేసిన రెండు రోజులూ నేను సిగ్నల్ లేని చోట ఉన్నాను. నేను చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. మా వైపు ఆచారం అది. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషి మనసులో ఏదో రంది, దిగులు మిగిలిపోయిందని అర్థం. ఆ రోజు కాకులు గోడ మీద వాలాయి. కిందికి దిగలేదు. తమ్ముడు చేతులు జోడించి అన్నీ ఒప్పుకున్నాడు, బాపును బాగా చూసుకుంటానన్నాడు, ఇల్లు అమ్మనన్నాడు. ఎండ ఎక్కింది. చివరికి మా చిన్నమ్మ నావైపు చూస్తూ అందరికీ వినబడేలా అంది. "ఎవల మీద రంది పెట్టుకున్నదో తెలుస్తలేదా? పెండ్లి లేదు, ఇల్లు లేదు, అడవులు పట్టుకొని తిరిగే బిడ్డ మీదనే."

అన్నం తీసి ఆవుకు పెట్టి వచ్చారు.

కాకి ఎందుకు దిగలేదో చెప్పడానికి నా దగ్గర కారణాలున్నాయి. జనం మరీ దగ్గరగా నిలబడ్డారు. పక్కింటి కుక్క అక్కడే తిరుగుతోంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా, తిరిగి అడవికి పోయే బస్సులో నేను ఆలోచించింది ఒక్కటే. ఆమె నా మీద కోపంతో పోయిందా? చివరి రెండు రోజుల్లో నా కోసం అడిగిందా? తమ్ముడిని అడిగితే, అడగలేదన్నాడు. నేను బాధపడతానని అలా అన్నాడా? లేక నిజంగానే అడగలేదా? రెండింటిలో ఏది నయమో కూడా తేల్చుకోలేకపోయాను.

మా పని పద్ధతి ఇలా ఉండేది. కొండెంగలు రాత్రి ఎత్తైన చెట్ల మీద పడుకుంటాయి, తెల్లవారి లేవగానే అక్కడే పెంటికలు వేస్తాయి. భీంరావు చీకటి విడేసరికి లోయ వాలు మీదికెక్కి ఆ చెట్ల కింద తాజావి చూసి, మట్టి తగలని లోపలి భాగాన్ని పుల్లతో తీసి ట్యూబుల్లో వేయాలి. నేను కింద వాగు దగ్గర కూర్చుని, అతను తెచ్చినవాటికి గుర్తులు వేయాలి. అతను పైన ఉన్నంతసేపు నేను ఒంటరిగా ఉండేదాన్ని. గుంపు నిద్ర లేచి నీళ్ళకు దిగేది కూడా నేనున్న వైపుకే.

నేను తిరిగి వచ్చిన మొదటి ఉదయమే ఆ రాయి మీద అన్నం పెట్టాను. కాకి కోసమే పెట్టాను. నలుగురు లేని చోట, కుక్క లేని చోట, చిన్నమ్మ లేని చోట. కాకి రాలేదు. చెవి చిరిగిన ఒక ముసలి ఆడ కొండెంగ చెట్టు దిగి వచ్చింది. నన్ను చాలాసేపు చూసింది. చెయ్యి చాపి నాలుగు మెతుకులు తీసి వాసన చూసి నోట్లో వేసుకుంది.

కాకి కాదు. కానీ ముట్టింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. అవ్వ పోయాక అదే మొదటిసారి.

ఆ ఒక్క రోజుతో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. మర్నాడు మళ్ళీ పెట్టాను. అలా వానలు వెనకపట్టినప్పటి నుంచి మోదుగులు పూసే దాకా, అడవిలో ఉన్న ప్రతి ఉదయం పెట్టాను. పిడికెడు డబ్బా అయింది. గదిలో అదనంగా వండడం మొదలుపెట్టాను. అవ్వకు ఇష్టమని మక్క గుడాలు, అంటే మొక్కజొన్న గింజలు, ఉడికించాను, జొన్నరొట్టెలు తెచ్చాను, పల్లీలు తెచ్చాను. మొదట ముసలిది ఒక్కటే వచ్చేది, తర్వాత దాని వెనక పిల్లలు, తర్వాత గుంపంతా. భీంరావు దిగి వచ్చేసరికి రాయి శుభ్రంగా ఉండేది. నేను మతి తప్పి చేసింది కాదు. రాయిని నీళ్ళతో కడిగేదాన్ని. అంటే దాచుతున్నానని నాకు తెలుసు.

భీంరావు ఒకసారి అన్నాడు. "ఏం మందు పెట్టినవ్ బాయీ? గీ కొండెంగలు నిన్ను చూసి దిగుతున్నయి, నన్ను చూసి ఉరుకుతున్నయి." నేను నవ్వాను. అతను కూడా నవ్వాడు. ఆ నవ్వును తర్వాత ఎన్నిసార్లు తిరగేసి చూశానో.

పని ముగిసి మేము అడవి నుంచి వచ్చేశాం. తొలకరి వానల తర్వాత ఫలితాలు వచ్చాయి. సార్ తెర మీద ఒక పటం పెట్టారు. ఒక్కో చుక్క ఒక్కో జంతువు. లోపలి సూక్ష్మజీవులు ఒకేలా ఉంటే చుక్కలు దగ్గరగా పడతాయి. ఊరి కోతులు ఒక మూల, అడవిలోని మొదటి గుంపు ఇంకో మూల, ఊరి కొండెంగలు మధ్యలో. అనుకున్నట్టే ఉంది. లోయ గుంపు మాత్రం అడవి మూలలో లేదు. మొదటి నెల చుక్కలు అక్కడే ఉన్నాయి, తర్వాతి నెలలవి ఒక్కొక్కటిగా జరుగుతూ ఊరి కొండెంగల పక్కకు చేరాయి. గింజలు, వండిన తిండి తినే జంతువుల్లో పెరిగే జీవులే వాటిలో పెరిగాయి.

ఆ చుక్కలు జరిగిన దారి నాకు తెలుసు. అది నా అన్నం పెరిగిన దారి.

సార్ తెర దగ్గరికి వెళ్ళి చూసి, "ఇవి లోయవి కావు. ఎవరో మోసం చేశారు" అన్నారు. ఎవరో అన్నారు గానీ, పెండ్లి సంగతి ఆయన మరిచిపోలేదని నాకు అర్థమైంది. మా పద్ధతిలో జంతువు జాతి తెలుస్తుంది, ఏ గుంపుదో తెలియదు. రోడ్డు మీది కొండెంగదైనా లోయలోదైనా పుట్టుక ఒకటే కదా.

నేను అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆయన కళ్ళారా చూస్తానన్నారు. జీపు ఆయనే నడిపారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఉట్నూరు దగ్గర భీంరావు ఎక్కి వెనక కూర్చున్నాడు. లోయకు తిరిగే మలుపు ఇంకా రాకముందే తారు రోడ్డు మీద కొండెంగలు కనిపించాయి. పోయేవాళ్ళు విసిరే అరటిపండ్ల కోసం కాచుకుని కూర్చున్నాయి. సార్ జీపు ఆపారు. చెవి చిరిగిన ముసలిది లేచి, ఎవరినీ చూడకుండా, నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

నేను అద్దం ఎక్కించాను.

అది లోయ గుంపే. నేను పెట్టడం ఆగిపోయాక తిండి వెతుక్కుంటూ అంత దూరం వచ్చాయి. ఆ విషయం తెలిసినది నాకు ఒక్కదానికే. సార్‌కు కనిపించింది వేరు.

"చూశావా? రోడ్డు మీద అడుక్కునే గుంపు. వీటివే ఏరుకొచ్చి లోయవని ఇచ్చాడు" అన్నారాయన నాతో. తర్వాత వెనక్కి తిరిగారు. "నిజం చెప్పు భీంరావూ. మళ్ళీ ఏ పెండ్లికి పోయావు?"

"లే సార్. గది వేరే. గప్పుడు తప్పు చేసిన, నేనే వచ్చి చెప్పిన. గిప్పుడు చెయ్యలే."

"మరి లోయలో కొండెంగలు అన్నం వండుకుని తింటున్నాయా?"

"గది నాకెట్ల ఎర్క సార్? నేను ఏరిన కాడ ఏరిన. బాయిని అడుగు, రోజు వాగు కాడనే ఉంటుండె." అతను ముందుకు వంగి నావైపు చూశాడు. "జర చెప్పు బాయీ. నేను పైకి పోయిన్నా, లేదా?"

"పైకి పోవుడు చూసిన సార్" అన్నాను. "పైన ఎక్కడ ఏరిండో నేను చూడలే."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఎంత చక్కగా కుదిరిందో! ముందుగా అనుకుని పెట్టుకున్నానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. అనుకోలేదనే చెప్పుకుంటాను. కానీ అంత భయంలో అంత జాగ్రత్తయిన వాక్యం దానంతట అది వస్తుందా?

భీంరావు మూసిన అద్దాన్ని చూశాడు. అద్దం అవతల చెయ్యి ఇంకా అలాగే ఉంది. తర్వాత నన్ను చూశాడు. జీపు దిగాడు. "పైసల దొంగనన్న కాకపోతిని సార్" అన్నాడు, "పెంటికల దొంగనైతిని." నవ్వడానికి చూశాడు. రోడ్డు పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోయాడు.

లోయ గుంపు నమూనాలను నమ్మదగనివని పక్కన పెట్టారు. మిగిలినవాటితో పుట్టుకదే పెద్ద పట్టు, తిండిది తర్వాత అని రాసి అచ్చు వేశారు. అందులో నా పేరుంది. పక్కన పెట్టినవాటిలో అసలు సంగతి ఉంది. ఒక్క కాలంలో, ఒక్క మనిషి పెట్టిన తిండితో ఒక అడవి గుంపు కడుపు ఎంత మారగలదో అందులో ఉంది. అది నేను చెడగొట్టిన ప్రయోగం కాబట్టి నాకు తప్ప ఎవరికీ తెలియదు. భీంరావును అటవీ పనుల్లోకి మళ్ళీ ఎవరూ పిలవలేదు. సార్ ఎవరికీ ఏమీ రాయనక్కర్లేకపోయింది. కొండెంగలకు పండ్లు వేయడానికి రోడ్డు మీద ఆగినవాళ్ళు విన్న ఆ మాట వాళ్ళ ఊరు చేరడానికి ఒక్క రోజు పట్టి ఉంటుంది. పెంటికల దొంగ అనే మాట ఊళ్ళో పిల్లలకు కూడా వచ్చేసింది. తర్వాత అతను ఊరు వదిలి పోయాడని విన్నాను.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని. అది నిజం. కానీ అంతే కాదు. పిట్టకు పెట్టాను అని సార్ ముందు అనలేకపోయాను. ఆయన నవ్వుతారని భయపడ్డాను. ఇదీ నిజమే, అయితే ఇది కొంచెం అందంగా ఉంది, అందుకే దీన్ని నమ్మను. ఈ కథ నాకు నేను చెప్పుకున్నప్పుడల్లా అవ్వ చావు ముందుకొస్తుంది, భీంరావు వెనక్కి పోతాడు. పోయిన తల్లిని అడ్డం పెట్టుకుని దాక్కుంటున్నానా? అన్నం పెట్టింది దుఃఖంలోనే కావచ్చు. అద్దం ఎక్కించింది మాత్రం దుఃఖం కాదు.

అతనికి తెలుసా అన్నది ఇంకో ప్రశ్న. మందు పెట్టినవా అని నవ్వినప్పుడే తెలుసా? తెలిసి, నేనే చెప్తానని ఎదురుచూశాడా? లేక నన్ను కాపాడాడా? ఈ చివరిది నాకు బాగుంటుంది కాబట్టి దీన్నీ నమ్మను.

ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. ఎవరి పరిశోధనలోనైనా ఒక చుక్క పక్కకు జరిగి కనిపిస్తే, రాసినవాళ్ళు చెప్పే కారణాలు నేను చదవను. అక్కడ ఎవరు ఏం పెట్టి ఉంటారు, ఎవరు నోరు మూసుకుని ఉంటారు అని చూస్తాను. తోటివాళ్ళు నన్ను అతి అనుమానం మనిషి అంటారు. వాళ్ళకు నేనేమీ చెప్పను.

ఈ ఏడు బాపును బాసరకు తీసుకుపోయి, తిరుగు దారిలో భైంసాలో ఆగాం. పత్తి మిల్లు గేటు దగ్గర భీంరావు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, బాగున్నవా బాయీ అన్నాడు. చాయ్ తెప్పించాడు. బాపును పలకరించాడు. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తకుండా వచ్చేశాను. ఆ వారమంతా సరిగా తినలేకపోయాను. తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే బస్సెక్కి పోయి, గేటు దగ్గర నిలబడి అంతా చెప్పాను. అన్నం, గుడాలు, కడిగిన రాయి, అద్దం.

అతను పొగాకు ఊసి, నోరు తుడుచుకున్నాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? నేను లోయలనే ఏరిన అని నాకు ఎర్క లేదా?" అన్నాడు. "మా ఊర్ల చెప్పు."

పత్తి లారీ వచ్చింది. గేటు తీయడానికి లేచాడు. మళ్ళీ నావైపు చూడలేదు.

వాళ్ళ ఊరికి పోయాను. హోటల్ ముందు కూర్చున్నవాళ్ళకు, భీంరావు అన్నకు, నిలబడి చెప్పాను. అతను లోయలోనే ఏరాడని, తప్పు నాదని. కొందరికి సంగతే గుర్తులేదు. ఒక కుర్రాడు నవ్వాడు. అతని అన్న నన్ను కిందికీ పైకీ చూసి, "గిన్నేండ్లు ఏం చేసినవమ్మా?" అన్నాడు. సార్ రిటైరై వేరే ఊళ్ళో ఉన్నారు. ఆయనకూ రాశాను. జవాబు రాలేదు.

ఇప్పుడు మీకు చెప్తున్నాను. మీరు క్షమించాలని కాదు, ఆ పని మీది కాదు. చెప్పాక నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది. అది నాకు దక్కాల్సిందేనా అని అడిగితే, తెలియదు. ఊళ్ళో ఆ మాట ఆగిందో లేదో కూడా తెలియదు.

భీంరావు ఇప్పుడు అడవికి పోవడం లేదు.